పెరిగే పిల్లాడని పెద్ద చక్రం కొనకండి

(సైకిళ్ళ గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు విశాఖపట్నం నుంచి ఓ రిటైర్డ్ డ్రిల్లు మాస్టారి జవాబులు. ఈసారి ఉత్తరాలన్నీ ఒంటి చక్రం సైకిలు, అంటే యూనిసైకిల్ గురించే.)

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా బాబుకి పదకొండేళ్ళు. ఎత్తు 4 అడుగుల 8 అంగుళాలు. వీడియోల్లో చూసి యూనిసైకిల్ కావాలని ఒకటే గొడవ. న్యూజెర్సీలో ఉన్న మా తమ్ముడు సంక్రాంతికి వస్తూ తెస్తానన్నాడు. చక్రం 20 అంగుళాలదా, 24దా అని అడుగుతున్నాడు. పెరిగే పిల్లాడు కదా, 24 అయితే నాలుగేళ్ళు వస్తుందని మావారి మాట. ఆయన కూడా (5 అడుగుల 10 అంగుళాలు) నేర్చుకుంటానని సరదా పడుతున్నారు. ఏది తెమ్మనమంటారు?
— ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: 20 తెమ్మనండమ్మా. తమ్ముడికి ఇవాళే చెప్పేయండి.

మీవారి లెక్క స్కూలు యూనిఫామ్‌కి పనికొస్తుంది. ఒక సైజు పెద్దది కొని, అంచు మడిచి కుట్టించి, ఏడాదికోసారి విప్పుకుంటూ పోవచ్చు. మామూలు సైకిలు విషయంలోనూ కొంతవరకు నడుస్తుంది. మా తరంలో చాలామంది నాన్నగారి సైకిలుకి బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కి నేర్చుకున్నవాళ్ళే. యూనిసైకిలుకి బారూ లేదు, కాలు దూర్చే సందూ లేదు. సీటు మీద కూర్చునే తొక్కాలి. అడుగున ఉన్న పెడల్ కాలికి అందకపోతే పిల్లాడు ప్రతి చుట్టుకీ ఆ పక్కకి జారతాడు, జారిన పక్కకే పడతాడు. నాలుగు రోజులు అలా పడ్డాక ఇది మన వల్ల కాదులే అని బండిని మెట్ల కింద పెట్టేస్తాడు.

పైగా ఇక్కడ లెక్క తిరగబడుతుంది. చక్రం చిన్నదైతే సీటు పైకి లేపుకుంటూ పోవచ్చు. పెద్దదైతే కిందికి దించడానికి చోటే ఉండదు. సీటు రాడ్డు కింద ఉండేది నేరుగా టైరే కదా. కాబట్టి పెరిగే పిల్లాడికి ఎక్కువ కాలం వచ్చేది చిన్న చక్రమే.

వయసు, ఎత్తు చూసి చెప్పడం కన్నా కాలు కొలవడం మేలు. బాబుకి బూట్లు తొడిగించి గోడకి ఆనించి నిలబెట్టండి. గట్టి అట్ట ఉన్న పుస్తకం తొడల మధ్య పెట్టి, సీటు మీద కూర్చుంటే ఎంత ఒత్తుకుంటుందో అంత పైకి నొక్కమనండి. పుస్తకం పై అంచు గోడకి తగిలే చోట పెన్సిల్‌తో గీత గీసి, నేల నుంచి అక్కడికి టేపు పెట్టండి. మోటుగా చెప్పాలంటే 16 అంగుళాల బండికి 55 సెంటీమీటర్లు, 20కి 64, 24కి 72 ఉండాలి. తయారీని బట్టి, సీటు మందాన్ని బట్టి రెండు మూడు సెంటీమీటర్లు అటూ ఇటూ అవుతాయి. మీ బాబు ఎత్తుకి 65, 66 వస్తుందని నా అంచనా. అంటే 20 అంగుళాల బండి మీద సీటు బాగా కిందికి దించితే సరిపోతుంది. 24 అందాలంటే కాలే ఇంకో ఆరేడు సెంటీమీటర్లు పెరగాలి. ఒకవేళ 63 దగ్గర ఆగిందనుకోండి, క్రాంకు (ఇరుసు నుంచి పెడల్ దాకా ఉండే కడ్డీ) 127 మిల్లీమీటర్లు కాకుండా 114 ఉన్న బండి చూడమనండి. క్రాంకు పొట్టిదైతే కింది పెడల్ ఆ మేరకు పైకి వస్తుంది, సెంటీమీటరు పైచిలుకు కలిసొస్తుంది.

ఇక మీవారు. ఆయనా అదే బండి మీద నేర్చుకోవచ్చు, సీటు రాడ్డు మాత్రం వేరేది కావాలి. బండితో వచ్చేది ఆయన కాలికి పొట్టిదవుతుంది. 400 మిల్లీమీటర్ల పొడుగు రాడ్డు ఒకటి విడిగా తెమ్మనండి. ఆ ఒక్కటీ తెస్తే ఇద్దరికీ చాలుతుంది కదా అనుకోవద్దు. పొడుగు రాడ్డుని బాబు కోసం కిందికి దించితే అది వెళ్ళి టైరుకి తగులుతుంది. రెండు రాడ్లూ ఉంచుకుని, సీటు అడుగున ఉన్న నాలుగు నట్లు విప్పి మార్చుకోవాలి. రాడ్డు లావు కూడా చూసుకోవాలి. 22.2, 25.4, 27.2 మిల్లీమీటర్లు అని రకాలున్నాయి, ఒకదానిది ఇంకోదాంట్లో పట్టదు. రాడ్డు మీద ఇంతకు మించి పైకి లాగొద్దని గీత ఉంటుంది, దాన్ని దాటనివ్వకండి.

పొడుగువాళ్ళు 24 మీద నేర్చుకోలేరని కాదు, నేర్చుకున్నవాళ్ళు బోలెడుమంది. కానీ ఇందులో గేర్లు లేవు, తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే ఫ్రీవీల్ లేదు. నేర్చుకునే బండికి బ్రేకూ ఉండదు. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒకే చుట్టు తిరుగుతుంది. ఆపాలంటే కాళ్ళతోనే వెనక్కి అదిమి పట్టాలి. అదే పొడుగు క్రాంకుతో పెద్ద చక్రాన్ని ఆపాలంటే కాలు ఇంకా గట్టిగా అదమాలి. బ్యాలెన్స్ అంటే ఇక్కడ ముందుకి వాలితే చక్రాన్ని ముందుకి, వెనక్కి వాలితే వెనక్కి తెచ్చుకోవడమే. 20 ఆ మాట త్వరగా వింటుంది.

బండి వచ్చాక విప్పిన భాగాలు బిగించేటప్పుడు ఒక సంగతి చూడండి. క్రాంకుల మీద, పెడళ్ళ మీద ఎల్, ఆర్ అని చెక్కి ఉంటుంది. సీటు మీద కూర్చున్నాక ఆర్ ఉన్నది కుడి కాలి కిందే ఉండాలి. ఎడమ పెడల్ మర ఉల్టాగా తిరుగుతుంది, బలవంతంగా ఎక్కిస్తే క్రాంకులో మర చెడిపోతుంది. కొందరు పెడళ్ళు సరిగ్గానే బిగించి సీటుని వెనక్కి తిప్పి పెట్టేస్తారు. అప్పుడు ఎడమ కుడి అవుతుంది, తొక్కుతుంటే పెడళ్ళు వాటంతట అవే ఊడొస్తాయి. మా గ్రౌండుకి "పెడల్ విరిగింది మాస్టారూ" అని తెచ్చే బండ్లలో చాలావాటి జబ్బు ఇదే. మొదటి వారం రోజూ క్రాంకు బోల్టుల్ని పానాతో ఒకసారి బిగించి చూసుకోండి, కొత్తలో వదులవుతాయి.

సీటు ఎత్తు: బూటు మడమ కింది పెడల్ మీద పెడితే మోకాలు నిటారుగా రావాలి. ఇంత ఎత్తా అని భయపడి చాలామంది దించేస్తారు. దించితే బరువంతా పెడళ్ళ మీదకి పోతుంది, తొడలు పీకేస్తాయి, చక్రం ఎటు తోస్తే అటు పోతుంది. బరువు సీటు మీదే ఉండాలి.

మీ అపార్ట్‌మెంట్‌కి సెల్లార్ ఉంటే అంతకన్నా మంచి చోటు లేదు. పగలు కార్లు వెళ్ళిపోయాక నున్నటి గచ్చు, పట్టుకోవడానికి స్తంభాలు, గ్రిల్లు. పడతాడేమోనని గడ్డి నేల మీదకి తీసుకెళ్ళకండి, అక్కడ చక్రం దొర్లదు, నేర్చుకోవడం ఆలస్యమవుతుంది. పక్కన మీరు నడిచేటప్పుడు బాబు చెయ్యి మీరు పట్టుకోవద్దు. మీ అరచెయ్యి పైకి చాపి ఉంచండి, దాని మీద వాడే ఆనుకోవాలి. మీరు పట్టుకుంటే పడేటప్పుడు కూడా వదలరు, వాడు కాళ్ళ మీద దిగాల్సినవాడు పక్కకి వేలాడతాడు. తల్లులకి ఈ ఒక్క పనే కష్టం!

ప్రశ్న: సర్, నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. 6 అడుగులు, 90 కిలోలు. ఆఫీసు 6 కిలోమీటర్లు. యూనిసైకిల్ మీద వెళ్ళాలని ఉంది. 20 అంగుళాల దాని మీద కూర్చుంటే సర్కస్‌లో జోకర్‌లా కనిపిస్తాను. నేరుగా 29 గానీ 36 గానీ కొని దాని మీదే నేర్చుకోకూడదా?
— ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: 36 మాట ఇప్పుడు వద్దు. 29 సంగతి చూద్దాం.

ముందు మీ ఆశలో న్యాయం ఉందని ఒప్పుకోవాలి. 20 అంగుళాల చక్రం ఒక చుట్టుకి 1.6 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటకి 7.7 కిలోమీటర్లు దాటదు. మీ ఆఫీసుకి ముప్పావు గంట పైనే, అదీ ఎక్కడా ఆగకుండా. 24 అంగుళాల చక్రం చుట్టుకి 1.9 మీటర్లు, 29 అయితే 2.3, 36 అయితే దాదాపు 2.9. అవే 80 చుట్లకి 29 మీద 11 కిలోమీటర్లు, 36 మీద 13న్నర పైన వస్తాయి. దూరాలకి పెద్ద చక్రమే సరైంది. ఎడ్ ప్రాట్ అనే ఇంగ్లండ్ కుర్రాడు 2015లో బయల్దేరి 2018లో ఇంటికి చేరేదాకా ప్రపంచం చుట్టింది 36 మీదే.

అయితే మీరు కొనాలనుకుంటున్నది ప్రయాణానికి, నేర్చుకోవడానికి కాదు. రెండిటికీ ఒకే చక్రం కుదరదు. 20 మీద నుంచి పడటం అంటే చాలావరకు ఒక అడుగు ముందుకి వేసి నిలబడటమే. 36 మీద నుంచి దిగితే నాలుగైదు అడుగులు పరుగెత్తాలి, ఎత్తు కూడా ఎక్కువ. ఎక్కడమే ఒక విద్య, పట్టుకోవడానికి స్తంభం లేని చోట సిగ్నల్ పడి ఆగితే మళ్ళీ ఎక్కలేక రోడ్డు పక్కన తోసుకుంటూ నడవాలి. పెద్ద చక్రం బరువు ఎక్కువ కాబట్టి కదలడం మొదలెట్టాక నిలకడగా పోతుంది, నిజమే. ఆ కదిలేదాకానే కష్టం.

నా సలహా: 20 గానీ, మీ ఎత్తుకి 24 గానీ సెకండ్‌హ్యాండ్‌లో చూడండి. గోడ సాయం లేకుండా ఎక్కడం, కావాలన్న చోట ఆగి దిగడం, గుంత వస్తే సీటు మీద నుంచి కాస్త లేవడం, ఈ మూడూ వచ్చాక 29 కొనండి. అప్పుడు దానికి అలవాటు పడటం పెద్ద పనేం కాదు. మొదట 150 మిల్లీమీటర్ల క్రాంకు వేయించుకోండి. కాలికి పట్టు వచ్చాక 127కి మారితే తొక్కుడు నున్నగా, వేగంగా సాగుతుంది. ఎక్కువ దూరాల కోసం కొనే 29కి రిమ్ము బ్రేకో, డిస్కు బ్రేకో పెట్టించుకునే వీలున్న ఫ్రేము చూసుకోండి. ఫ్లైఓవర్ దిగేటప్పుడు మోకాళ్ళు మీకు దండం పెడతాయి. మీ బరువుకి సీటు రాడ్డు పల్చటి గొట్టం కాకుండా చూసుకోండి, చవక బండ్లలో ముందు వంగేది అదే.

జోకర్‌లా కనిపించడం గురించి దిగులు పడకండి. 29 మీద వెళ్ళినా జనం ఆగి చూస్తారు, సెల్‌ఫోన్ తీస్తారు. కొండాపూర్ ట్రాఫిక్‌లో మొదలెట్టకుండా అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ మీద కొన్ని నెలలు తొక్కండి. ఆఫీసు ఎక్కడికీ పోదు.

ప్రశ్న: సార్, నాకు 46 ఏళ్ళు. ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. పిల్లల కోసం కొన్న 16 అంగుళాల యూనిసైకిల్ ఇంట్లో ఊరికే ఉంది. పొట్టిదాన్ని కదా, నాకు అదే సరిపోతుందా? ఈ వయసులో పడితే ఎట్లా అని భయం కూడా ఉంది.
— ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: మీరు పొట్టి కాదమ్మా, 20కి సరిపోయే మనిషి. మీ ఎత్తుకి కాలి కొలత 64 దాటే ఉంటుంది, పైన రాసినట్టు పుస్తకం పెట్టి కొలిచి చూసుకోండి.

16 మీద పెద్దవాళ్ళు నేర్చుకోలేరని కాదు. చక్రం ఎంత చిన్నదైతే అంత చురుగ్గా తిరుగుతుంది. మీరు ఊ అనకముందే అది ఎటో తిరిగిపోతుంది. చుట్టుకి 1.3 మీటర్లు కూడా పోదు కాబట్టి కాళ్ళు గిరగిరా తిప్పాలి. గచ్చులో గీతలు, టైల్స్ మధ్య సందులు, పిడికెడంత రాయి, అన్నీ దానికి అడ్డమే. పైగా పిల్లల బండి సీటు రాడ్డు మీ కాలికి చాలదు. ఊరికే ఉంది కాబట్టి ఒక పని చేయండి: గ్రిల్లు పట్టుకుని ఎక్కడం, ఎక్కి కూర్చోవడం, ముందుకి కాళ్ళ మీద దిగడం దాని మీద అలవాటు చేసుకోండి. అది వచ్చాక 20 కొనుక్కోండి.

భయం ఉండటం మంచిదే, కానీ భయపడాల్సింది ఏదో తెలియాలి. ముందుకి పడితే కాళ్ళ మీద దిగుతారు. వెనక్కి పడటమే చెడ్డది, నడుము, మణికట్లు దెబ్బతింటాయి. కింద చూస్తూ, బరువంతా పెడళ్ళ మీద వేసి లేవబోయినప్పుడు చక్రం ముందుకి తన్నుకుపోయి మనిషి వెనక్కి పడతాడు. చూపు పది పన్నెండు అడుగుల ముందు పెట్టి, నడుము నిటారుగా ఉంచి, ఒంటిని వీసమెత్తు ముందుకి వాల్చండి. పడేటప్పుడు బండిని పట్టుకోబోవద్దు, వదిలేయండి. స్కేటింగ్ పిల్లలు మణికట్టుకి కట్టుకునే గార్డులు కొనుక్కోండి, హెల్మెట్ ఎలాగూ ఉండాలి. చున్నీ ఇంట్లో పెట్టి, కాలి దగ్గర బిగుతుగా ఉండే ప్యాంటు వేసుకోండి. బూటు లేసులు లోపలికి దోపండి, క్రాంకుకి చుట్టుకుంటే కాలు తీసుకోలేరు. మోకాలి నొప్పో నడుము నొప్పో ఇప్పటికే ఉంటే మాత్రం ముందు డాక్టర్ని అడగండి.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. యూనిసైకిల్ పోటీలు ఉంటాయంటారు. వాటికి ఏ సైజు కావాలి సార్?
— ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: పోటీని బట్టి బాబూ. ప్రపంచ పోటీల్ని యూనికాన్ అంటారు, మొదటిసారి 1984లో అమెరికాలో జరిగాయి. ట్రాక్ మీద పరుగు పందేలకి అందరికీ ఒకే రకం బండి ఉండాలని 24 అంగుళాల చక్రం పెట్టారు. టైరుతో కలిపి అడ్డకొలత 618 మిల్లీమీటర్లు మించకూడదు, క్రాంకు 125కి తగ్గకూడదు. రాళ్ళ మీద, బల్లల మీద గెంతే ట్రయల్స్‌కి లావు టైరున్న చిన్న చక్రం వాడతారు, దాన్ని 19 అనీ 20 అనీ రెండు రకాలుగానూ పిలుస్తారు. డాన్సులాంటి ఫ్రీస్టైల్‌కి సన్న టైరున్న 20. దూర పందేలకి 29, 36. కొండదారులకి మధ్యలోవి. నువ్వు ముందు 20 మీద ఎనిమిది అంకె చుట్టడం నేర్చుకో, ఆ తర్వాత ఏది ఇష్టమో నీకే తెలుస్తుంది. జపాన్‌లో ప్రాథమిక బడుల ఆట స్థలాల్లోనే ఈ బండ్లు ఉంటాయి, ఇంటర్వెల్‌లో పిల్లలు తీసుకుని తొక్కుతారు. మన బడుల్లో ఆ రోజు ఎప్పుడొస్తుందో!

ప్రశ్న: సార్, మా చెల్లి పాత 20 అంగుళాల సైకిలు ఉంది. వెల్డింగ్ షాపులో కోయించి యూనిసైకిల్ చేయించుకోవచ్చా? వెనక చక్రం ఎలాగూ ఉంది కదా.
— ఇంజనీరింగ్ విద్యార్థి, గుంటూరు

జవాబు: వెనక చక్రంలో ఉన్నది ఫ్రీవీల్. వెనక్కి తొక్కితే ఖాళీగా తిరుగుతుంది, నిన్ను ఆపదు. యూనిసైకిలుకి ఇరుసు, హబ్బు (చువ్వలు వచ్చి కలిసే నడిమి భాగం), చక్రం ఒకటిగా తిరగాలి, ఆ ఇరుసు చివర్లకే క్రాంకులు బిగించాలి. మామూలు సైకిలు క్రాంకు ఇరుసుని హబ్బుకి వెల్డింగ్ చేసి చేస్తారు, నేను చూశాను. చిక్కెక్కడంటే, ఇందులో కాలు క్షణం ముందుకి, క్షణం వెనక్కి అదుముతూనే ఉంటుంది. ఆ కుదుపులకి క్రాంకుని ఇరుసుకి పట్టి ఉంచే కాటర్ పిన్నులు వదులైపోతాయి. ముందు టక్కుమని చిన్న చప్పుడు, తర్వాత అరచుట్టులో ఖాళీ దొరకడం, ఆ తర్వాత వెల్డింగ్ అతుకు ఊడటం. నేర్చుకునేవాడికి తప్పు తనదో బండిదో తెలియదు. కాలేజీ ప్రాజెక్టుకైతే చేయి, సరదాగా ఉంటుంది. నేర్చుకోవడానికి మాత్రం హబ్బు కొన్నదే ఉండాలి. రిమ్ము, చువ్వలు, టైరు చెల్లి సైకిలువి వాడుకోవచ్చు, చువ్వల లెక్కా, పొడుగూ ఆ హబ్బుకి సరిపోతేనే.

ప్రశ్న: విదేశం నుంచి తెప్పించిన 20 అంగుళాల యూనిసైకిల్ టైరు చిరిగింది. షాపులో 20 అంగుళాల టైరే అడిగి కొన్నాను, రిమ్ముకి ఎక్కడం లేదు. ఎందుకని?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: 20 అన్న అంకెని నమ్మకండి, పాత టైరు పక్కన చిన్న అక్షరాల్లో 47-406 లాంటి అంకెలుంటాయి, వాటిని చూడండి. మొదటిది టైరు వెడల్పు, రెండోది టైరు అంచు కూర్చునే చోట రిమ్ము అడ్డకొలత, రెండూ మిల్లీమీటర్లలో. పిల్లల సైకిళ్ళకి వేసే 20×1.75 టైరు 406 రకం. 20×1⅜ అని రాసి ఉండేది 451, అది ఈ రిమ్ము మీద వదులుగా ఊగుతుంది. అసలు ఎక్కడమే లేదంటున్నారు కాబట్టి మీ రిమ్ము ఏదో ముందు తేల్చుకోవాలి. 451 రిమ్ముకి 406 టైరు పెట్టి ఉంటే పొద్దస్తమానం లాగినా ఎక్కదు. 387 అని ఉంటే మీది ట్రయల్స్ బండి, దానికి టైరు మన ఊళ్ళలో దొరకదు, తెప్పించుకోవాలి. 406 అయి కూడా ఎక్కకపోతే ట్యూబులో గాలి పూర్తిగా తీసి, టైరు అంచుని రిమ్ము నడిమి పల్లంలోకి నొక్కుతూ వాల్వు దగ్గర చివరిగా ఎక్కించండి. స్క్రూడ్రైవర్ పెట్టొద్దు, ట్యూబు చిరుగుతుంది. ట్యూబు మాత్రం 406కి ఏ వీధి చివర సైకిలు షాపులో అయినా దొరుకుతుంది.